మూతపడిన మిల్లులోకి వెళ్లి వచ్చాక కలిగిన అనుమానాలు – తెలిసినవారు చెప్పగలరు

హంద్రీ ఒడ్డు (కర్నూలు) – ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మూతపడిన మిల్లులు, వదిలేసిన గనులు, వాడకం పోయిన రైల్వే క్వార్టర్లు చూసి రావడం, వాటి ఫొటోలు తీసి దాచుకోవడం నాకూ నా ముగ్గురు మిత్రులకూ రెండు మూడేళ్లుగా అలవాటైపోయింది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇటువంటి చోట్లకు కొదువ లేదన్న సంగతి మీకు తెలిసిందే. ఇన్నాళ్లూ పాములు, తేళ్లు, కూలిపోయే మెట్లు తప్ప వేరే ప్రమాదం ఉంటుందని మేము ఆలోచించలేదు. పొడవు బూట్లు తొడుక్కుని, చేతికర్రతో నేల తట్టుకుంటూ నడిస్తే చాలనుకునేవాళ్లం. మూడు వారాల కిందట జరిగిన సంగతితో ఆ ధీమా సడలింది.

ఇరవై ఏళ్లకు పైగా మూతపడి ఉన్న ఒక నూలు మిల్లులోకి కాపలాదారును అడిగి వెళ్లాం. గోదాములో పైకప్పు రేకులు పగిలి, వానకు తడిసి ఎండకు ఎండి నల్లబడిన పత్తి బేళ్లు ఉన్నాయి. వెలుతురు కోసం కిటికీకి అడ్డుగా ఉన్న రెండింటిని పక్కకు లాగితే ఎదురుగా నిలబడ్డ మనిషి కనబడనంత ధూళి లేచింది. తర్వాత బాయిలరు గదిలో ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్లటి పూత పెచ్చులుగా ఊడి వేలాడుతుంటే, అరచేతి వెడల్పున్న పెచ్చు ఒకటి విరిచి జ్ఞాపకంగా తెచ్చుకున్నాను. దాని అంచును వేలితో రాస్తే దూదిలాగా పీచుపీచుగా విడిపోతోంది. ఇప్పుడది మా ఇంట్లో పుస్తకాల అరలో ఉంది. మిల్లు వెనుక మూత సగం జరిగిన ఇనుప ట్యాంకు ఒకటి ఉంటే, లోపలి తుప్పు రంగు ఫొటోలో బాగా వస్తుందని మా మిత్రుడొకడు నాలుగు మెట్లు దిగి, నిమిషం తిరగకముందే తల తిరుగుతోందంటూ పైకి వచ్చేశాడు. ఎండదెబ్బ అనుకుని నీళ్లు తాగించాం.

ఆ రాత్రి మాలో ఇద్దరికి చలిజ్వరం, పొడి దగ్గు, ఛాతీ బిగుసుకున్నట్లు ఉండడం మొదలై, మూడో రోజుకు ఏ మందూ లేకుండానే తగ్గిపోయాయి. మర్నాడు ఇంట్లో మా ఆవిడ నా బట్టలను మిద్దె మీద దులిపి ఉతికింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు మనసుకు ఎలాగో ఉంది.

ఆ జ్వరం దేనివల్ల వచ్చి ఉంటుంది? నేను తెచ్చిన పెచ్చు రాతినార (ఆస్బెస్టాస్) అయితే దాన్ని ఏం చేయాలి, మేము ఎక్స్‌రే తీయించుకోవాలా? వచ్చే నెలలో పులివెందుల వైపు పాత రాతినార గనులకూ, ఆ తర్వాత రామగిరి బంగారు గనుల దగ్గరకూ వెళ్లాలనుకున్నాం. మాస్కు కట్టుకుని వెళ్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాత ఫిట్టరు (గుంతకల్లు)

జ్వరం గురించీ రాతినార గురించీ వైద్యం తెలిసినవారు చెబుతారు. నన్ను కలవరపెట్టినది మీరు రెండు మాటల్లో దాటేసిన ట్యాంకు సంగతి. మీ మిత్రుడికి తగిలింది ఎండదెబ్బ కాకపోవచ్చు. అతడు నాలుగు మెట్ల దగ్గరే ఆగాడు కాబట్టి పైకి వచ్చాడు. అడుగుదాకా దిగి పడిపోయి ఉంటే అతణ్ని తీయడానికి మీలో ఇంకొకరు దిగేవారు, ఆ ఇంకొకరి కోసం మూడోవారు దిగేవారు. పాత బావుల్లో, మురుగు తొట్లలో జరిగే మరణాల వార్తలు చదివి చూడండి, చాలాసార్లు ఈ వరుసే కనబడుతుంది.

నేను ముప్పై ఏళ్లు నూనె మిల్లుల్లో, సాల్వెంటు ప్లాంట్లలో పనిచేశాను. తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను తనలోకి లాక్కోవడమే. తేమ ఉన్న ఇనుప ట్యాంకును మూసి నెలల తరబడి వదిలేస్తే లోపలి ఆక్సిజన్ కొంచెం కొంచెంగా తుప్పులోకి వెళ్లిపోతుంది. అక్కడ విషవాయువు ఏదీ ఉండనక్కర్లేదు. వాసన రాదు, కళ్లు మండవు, ఊపిరాడనట్లు కూడా అనిపించదు. ఎందుకంటే ఊపిరాడని బాధను మనకు తెలియజేసేది ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకోవడమే గాని ఆక్సిజన్ తగ్గడం కాదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 శాతం కంటే తగ్గిన చోటికి మనుషులను పనికి దించకూడదని పరిశ్రమల్లో హద్దు పెట్టుకున్నారు. 10 శాతానికి దిగువన స్పృహ తప్పుతుంది, 6 శాతానికి దిగువన నిమిషాల్లో ప్రాణం పోతుంది. సగం మూత తీసి ఉంది కదా అనుకోవద్దు, పైన ఒక్క కంత ఉన్నంత మాత్రాన అడుగున ఉన్న గాలి మారదు.

మా తాత కాలంలో మా ఊళ్లో కాస్త భూమి ఉన్న ప్రతి ఇంటికీ జొన్న పాతర (గింజలు దాచే నేలగుంత) ఉండేది. పాతర తీసే రోజున నోటి మీది మట్టి తోడి, బండ పక్కకు జరిపి, పొద్దంతా అలాగే వదిలేసి, సాయంత్రం లాంతరును తాడుకు కట్టి అడుగుదాకా దించేవారు. లాంతరు వెలుగుతూ ఉంటే మనిషి దిగేవాడు, దీపం కొండెక్కితే మర్నాటిదాకా ఎవరూ ఆ పక్కకు పోయేవారు కాదు. నిల్వ ఉన్న గింజలు కూడా ఊపిరి పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి, ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడిపోగానే మంట నిలవదు. చదువు లేకపోయినా మా తాతకు ఇదంతా చేతల్లో తెలుసు.

అయితే ఆ లాంతరు ఉపాయాన్ని మిల్లు ట్యాంకుల దగ్గర ఎవరూ ప్రయోగించవద్దు. వేరుశనగ చెక్కలో మిగిలిన నూనెను తీయడానికి సాల్వెంటు ప్లాంట్లలో హెక్సేన్ వాడతారు. దాని ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి గుంతల్లో, కాలువల్లో కూర్చుంటుంది, దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక మురుగు తొట్లలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడును లాంతరు పట్టివ్వదు. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది గదా, తెలిసిపోదా అంటారు. గాలిలో 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) దగ్గరకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ కంపు తెలియడం మానేస్తుంది, కంపు పోయిందని ముందుకు నడిచినవాడే కూలిపోతాడు. నాలుగు వాయువులను కొలిచే మీటరు, ఒంటికి కట్టిన తాడు, ఆ తాడు పట్టుకుని పైన నిలబడే మనిషి లేకుండా మేము ఏ ట్యాంకులోకీ దిగేవాళ్లం కాదు. అవన్నీ ఉన్నా ఫొటో కోసం దిగవద్దనే నేను చెబుతాను.

ఇంకొక్క మాట. ఇటువంటి మిల్లుల్లో పాత ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు ఉంటే వాటి కింద కారిన నూనెలో చేయి పెట్టవద్దు. పాత తరం సామానులో పీసీబీలు అనే విషపదార్థాలు కలిసిన నూనె ఉండేది, అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి కొవ్వులో పేరుకుంటుంది. మన దేశంలో 2016లో దాని తయారీ, దిగుమతి నిషేధించారు గాని పాత సామాను ఎక్కడిది అక్కడే ఉంది.

ఛాతీ వైద్యుడు (అనంతపురం)

రోగిని చూడకుండా రోగం పేరు ఖాయం చేయడం పద్ధతి కాదు, అందువల్ల నేను చెప్పేదాన్ని అంచనాగానే తీసుకోండి. బూజుపట్టిన పత్తి, గడ్డి, ధాన్యం ధూళిని ఒక్కసారిగా పెద్ద మోతాదులో పీల్చినవారికి నాలుగు గంటల నుంచి పన్నెండు గంటల లోపల చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు వచ్చి, ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే తగ్గడం మేము చూస్తుంటాం. ధూళిలోని బూజు కణాలు, చచ్చిన బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్లు దీనికి కారణం. ఇది అంటువ్యాధి కాదు, యాంటీబయాటిక్ అక్కర్లేదు. బేళ్లు లాగిన రోజు రాత్రే ఇద్దరికీ ఒకేసారి వచ్చి, ఇద్దరికీ ఒకేలా తగ్గిందంటే నా అనుమానం దీని మీదే. అయితే ఒకసారి తగ్గింది కదా అని అటువంటి గోదాముల్లోకి మళ్లీ మళ్లీ వెళ్తే కొందరిలో ఊపిరితిత్తులు ఆ ధూళిని పగబట్టినట్లు వాచిపోయి, చివరకు గట్టిపడే జబ్బు మొదలవుతుంది.

పావురాలు, గబ్బిలాలు కాపురమున్న గదుల సంగతి వేరు. ఎండిన రెట్టను కదిలిస్తే వచ్చే జబ్బులు ఆ రాత్రే బయటపడవు. పక్షుల నుంచి వచ్చే సిట్టకోసిస్ సాధారణంగా 5 నుంచి 14 రోజులకు, గబ్బిలాల రెట్టలో పెరిగే శిలీంధ్రం వల్ల వచ్చే హిస్టోప్లాస్మోసిస్ 3 నుంచి 17 రోజులకు బయటపడతాయి. తుప్పల్లో తిరిగినప్పుడు కంటికి ఆనని నల్లి పిల్లలు (చిగ్గర్లు, మంచం నల్లులు కావు) కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌కు వారం పది రోజులు పడుతుంది. చంకలోనో గజ్జల్లోనో నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి పొక్కు ఉందేమో రోగి స్వయంగా వెతుక్కోవాలి, సిగ్గుపడి చూపించకపోతే మాకు తెలియదు. డాక్సీసైక్లిన్‌తో రెండు మూడు రోజుల్లో లొంగే జ్వరం, గుర్తించకపోతే ప్రాణం మీదకు తెస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నిల్వ నీటిలో కాళ్లు పెట్టినవారికి లెప్టోస్పైరోసిస్ కూడా రావచ్చు. ఇటువంటి చోట్లకు వెళ్లి వచ్చిన నెల రోజుల లోపల జ్వరం వస్తే వైద్యుడికి మొట్టమొదట చెప్పవలసినది ఎక్కడికి వెళ్లారన్నదే. ఆ ఒక్క మాట చెప్పనందువల్ల టైఫాయిడ్ మందులతో వారం గడిపేసి నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు.

ఇక రాతినార. మీ పెచ్చు అదేనా కాదా అన్నది ఎవరూ కంటితో చెప్పలేరు, ప్రయోగశాలలో పోలరైజ్డ్ కాంతి సూక్ష్మదర్శిని కింద చూసి తేల్చాలి. కానీ పాత బాయిలర్ల గొట్టాలకు వేడి పోకుండా చుట్టే పూతలో రాతినార కలపడం దశాబ్దాల పాటు ఆనవాయితీ కాబట్టి, కాదని తేలేదాకా అవుననే అనుకుని మెలగాలి. మన ఇళ్ల మీది సిమెంటు రేకుల్లోనూ రాతినార ఉంది, కానీ అక్కడ సిమెంటు దాన్ని పట్టి ఉంచుతుంది. కోస్తే, పగలగొడితే, రుద్దితే తప్ప అంతగా రాలదు. గొట్టాల పూత అలా కాదు, వేలితో రాస్తేనే పొడి అవుతుంది. అందులోనుంచి గాలిలోకి లేచి ఊపిరితిత్తుల లోతుకు చేరే పోగు మందం 3 మైక్రాన్ల లోపు ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే, మీకు కనబడిన పీచు కంటే కనబడని పీచే మీలోకి వెళ్తుందని అర్థమవుతుంది.

ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ – ఈ మూడింటికీ రాతినార కారణమని నిస్సందేహంగా తేలింది. తెల్లనిదైనా నీలమైనా గోధుమరంగుదైనా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలే. అయితే ఇవి బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుచేత ఇప్పుడు ఎక్స్‌రే తీయించినా, సిటి స్కాన్ తీయించినా ఏమీ కనబడదు, డబ్బు దండగ. ప్రమాదం పీల్చిన మోతాదును బట్టి పెరుగుతుంది. ఏళ్ల తరబడి రోజూ పీల్చిన కార్మికుడితో మీ ఒక్క గంటను పోల్చి భయపడవద్దు, మీకున్న ప్రమాదం చాలా తక్కువ. అది సున్నా అని మాత్రం నేను రాసివ్వలేను. పొగతాగే అలవాటున్న మిత్రులెవరైనా ఉంటే ఈ నెపంతోనైనా మానిపించండి, రాతినారా పొగాకూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఒకదానికొకటి తోడై ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు ఉన్నారో ఒక కాగితం మీద రాసి మీ వైద్య కాగితాలతో పాటు దాచుకోండి. రాతినార కార్మికుల ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. నలభై ఏళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు గనుకనే ఆ ఆదేశం.

మీ ఇంటి ఆవిడ విషయం. రాతినార కార్మికుల బట్టలు ఏళ్ల తరబడి దులిపి ఉతికిన భార్యలకు ఫ్యాక్టరీ గడప తొక్కకుండానే మీసోథీలియోమా వచ్చిన ఉదంతాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. మీరు దిగులుపడడంలో అర్థం ఉంది, కానీ ఆరుబయట మిద్దె మీద ఒక్కసారి దులిపిన దానికి ఆమెను భయపెట్టవద్దు. ఆ బూట్లు, సంచి, కెమెరా పట్టీ ఇంకా అలాగే ఉంటే తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి. చీపురుతో ఊడవడం, వాక్యూమ్ క్లీనరు పెట్టడం రెండూ వద్దు, సన్నని పీచు దాని సంచిలోనుంచి బయటికి వచ్చి గదంతా పరుచుకుంటుంది.

గనుల సర్వేయరు, విశ్రాంత (కడప)

పులివెందుల, లింగాల, వేంపల్లె ప్రాంతంలో ఉద్యోగరీత్యా తిరిగినవాణ్ని. అక్కడి రాయిని వేంపల్లె డోలమైటు అంటారు. కోట్లాది ఏళ్ల కిందట దాని పొరల మధ్యకు డోలరైటు శిలాద్రవం చొచ్చుకుని వచ్చినప్పుడు, ఆ వేడికి రెండింటి అంచున రాయి మారిపోయి రాతినార పట్టెలు ఏర్పడ్డాయి. రాయిని సుత్తితో కొడితే పట్టెకు అడ్డంగా పట్టులా మెరిసే పోగులు నిలబడి ఉంటాయి, గోటితో లాగితే దారంలా వస్తాయి. చూడడానికి ఎంత ముచ్చటగా ఉంటుందంటే, కాలేజీ పిల్లలు వస్తే ప్రతివాడూ ఒక ముక్క జేబులో వేసుకునేవాడు, మేమూ వద్దనేవాళ్లం కాదు. ఇప్పుడు తలచుకుంటే తప్పనిపిస్తుంది.

1986 నుంచి రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం, 1993 నుంచి పాతవాటిని పునరుద్ధరించడం ప్రభుత్వం నిలిపివేసింది. తవ్వకం ఆగింది గాని తవ్వి పోసిన దిబ్బలు ఆగిన చోటే ఉన్నాయి. మీరు గనిలోకి దిగకపోయినా దిబ్బ మీద నడిస్తే చాలు, ఎండాకాలపు గాలికి కాళ్ల కింది పొడి మొహానికి వస్తుంది. మాస్కు గురించి అడిగారు. చేతిరుమాలు, ఆసుపత్రి మాస్కు ఇందుకు పనికిరావు. పి-100 వడపోత ఉన్న రబ్బరు మాస్కు ముఖానికి గాలి చొరనంత గట్టిగా అతకాలి, గడ్డం ఉన్నవారికి అది అతకదు. మాస్కు ముక్కును కాపాడినా చొక్కాను కాపాడదు, డాక్టరు గారు చెప్పిన బట్టల సంగతి మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే రాతినార గనుల ప్రయాణం మానుకోండి అంటున్నాను. ఫొటో కావాలంటే వానలు పడి దిబ్బలు తడిసి ఉన్నప్పుడు దారి మీద నిలబడి తీసుకోండి.

రామగిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ తవ్విన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో కోలారు గనులతో సహా పని ఆపేసింది. బంగారు రాయిని పిండిలా రుబ్బి, సయనైడు నీళ్లలో బంగారాన్ని కరిగించి తీశాక మిగిలే బూడిదరంగు పిండిని దిబ్బలుగా పోస్తారు. సయనైడు పేరు విని అందరూ భయపడతారు గాని, ఎండకూ గాలికీ అది చాలావరకు విరిగిపోతుంది. విరగనిది ఆ పిండిలోని సిలికా. పీల్చినది ఊపిరితిత్తుల్లో ఉండిపోయి సిలికోసిస్ తెస్తుంది, దానికి తోడు క్షయ అంటుకునే అవకాశమూ పెరుగుతుంది. బేతంచెర్లలో నాపరాళ్లు కోసే, పాలిషు పట్టే పనివారికి ఈ ధూళి కొత్త కాదు. ఇక పాత గని నోళ్ల మీద కట్టెలు, రేకులు కప్పి, వాటి మీద మట్టి చేరి, గడ్డి మొలిచి, గట్టి నేలలా కనబడతాయి. కర్రతో తట్టి చూసే మీ పద్ధతి అక్కడ చెల్లదు, కర్ర తగిలిన చోట గట్టిగా ఉండి మీ బరువుకు విరిగిపోతుంది.

ముగ్గురాయి గుంతలు, నాపరాతి గుంతలు మన జిల్లాల్లో ఎక్కడ చూసినా ఉన్నాయి. నాలుగు వైపులా గోడలా కోసిన రాయి, మధ్యలో పచ్చటి నీళ్లు. ఈత వచ్చినవాడికి కూడా పట్టుకుని పైకి రావడానికి అంచు దొరకదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు మునిగిపోయే వార్త రాని ఏడాది నాకు గుర్తులేదు.

పాత క్వారీల్లో పేలకుండా మిగిలిపోయిన తూటాలు, డిటోనేటర్లు కూడా దొరుకుతాయి. డిటోనేటరు అంటే పెన్ను మూతంత అల్యూమినియం గొట్టం, దానికి రెండు సన్నని వైర్లు. చేతిలో పట్టుకుని వైర్లు గోకితే వేళ్లు పోతాయి. మన వైపు సైనిక స్థలాలు తక్కువే గాని, ఫ్యాక్షన్ రోజుల్లో పాడుబడ్డ ఇళ్లలో, వాముల్లో దాచిన నాటుబాంబులు మరిచిపోయిన ఏళ్లకు పేలిన సంగతులు ఇక్కడివారికి కొత్త కాదు. పాతబడిన మందుగుండు చల్లారిపోతుందన్న నమ్మకం తప్పు. 1918లో ముగిసిన యుద్ధపు గుండ్లు ఫ్రాన్సులో వెర్దన్ చుట్టుపక్కల పొలాల్లో నేటికీ బయటపడుతూనే ఉన్నాయి, వాటిని తీయడానికి అక్కడ ప్రత్యేక దళాలున్నాయి. గుడ్డ చుట్టి, పురికొస బిగించిన ఉండ కనబడితే ఫొటో కూడా తీయకుండా వెనక్కు నడిచి పోలీసులకు చెప్పండి.

చిత్రావతి రైతు (తాడిమర్రి)

అందరూ కలిసి ఆ అబ్బాయిని ఇంత భయపెట్టవలసిన అవసరం ఉందా అని నా సందేహం. మా మేనమామ లింగాల దగ్గర రాతినార దిబ్బల పక్కనే నలభై ఏళ్లు మేకలు మేపాడు, డెబ్బై ఎనిమిదేళ్లకు వృద్ధాప్యంతో పోయాడు. మనవాళ్లంతా రేకుల ఇళ్లలోనే బతుకుతున్నాం. ఊళ్లో కూలీలకు లేని జాగ్రత్తలు సరదాకు ఫొటోలు తీసేవారికి ఎందుకు?

ఛాతీ వైద్యుడు (అనంతపురం)

మీ మేనమామ గారు నిండు జీవితం గడిపినందుకు సంతోషం. రోజూ చుట్ట కాల్చి తొంభై ఏళ్లు బతికినవారు కూడా మనందరికీ తెలుసు, దానితో చుట్ట మంచిదని తేలదు. పదిమంది పీలిస్తే పదిమందికీ జబ్బు రాదు, వచ్చే ఒకరు ఎవరన్నది ముందుగా తెలియదు. అలా వచ్చినవారిలో చాలామంది దగ్గుకు టీబీ మందులు వాడి పోయి ఉంటారు, వారి కాగితాల్లో రాతినార అన్న మాటే ఉండదు. మీ చివరి ప్రశ్న మాత్రం న్యాయమైనది. కూలీలకు ఆ జాగ్రత్తలు ఉండవలసింది. అవి లేకపోవడం వారికి జరిగిన అన్యాయమే గాని, జాగ్రత్త అక్కర్లేదనడానికి రుజువు కాదు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. రాతినార గనుల ప్రయాణం మానుకున్నాం. రామగిరి సంగతి వానాకాలం తర్వాత ఆలోచిస్తాం. ట్యాంకులోకి దిగిన మిత్రుడికి పాత ఫిట్టరు గారి జవాబు చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

రెండు విషయాలు మిగిలాయి. పెచ్చును ఎలా వదిలించుకోవాలి? ఇంకొకటి, అదే మిల్లులో పగిలిన పాత పీడనమాపకం ఒకటి దొరికితే, అందులోని పాదరసాన్ని ఆ మిత్రుడే చిన్న హోమియో సీసాలో పోసుకుని ఇంటికి తీసుకువెళ్లాడట. వాళ్ల పిల్లలు దాన్ని పళ్లెంలో పోసి దొర్లించి ఆడుతున్నారని నిన్ననే చెప్పాడు.

పాత ఫిట్టరు (గుంతకల్లు)

ముందు ఆ పాదరసం సంగతి చూడండి, ఈ రోజే. గది వేడికే అది కంటికి కనబడని ఆవిరిగా మారుతూ ఉంటుంది, వాసన ఉండదు. పొరపాటున మింగిన దానికంటే పీల్చిన ఆవిరే ఎక్కువ చెరుపు చేస్తుంది, మెదడుకూ మూత్రపిండాలకూ ఎక్కుతుంది, పిల్లలకు మరీ ప్రమాదం. పిల్లలను ఆ గదిలోనుంచి బయటికి పంపి, కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, చేతికున్న ఉంగరాలు, గాజులు తీసేసి పని మొదలుపెట్టమనండి. బంగారాన్ని తాకితే పాదరసం దాన్ని తెల్లగా చేసి పట్టేసుకుంటుంది. నేల మీద పడిన పూసలను రెండు గట్టి అట్టముక్కలతో దగ్గరకు తోసి, సూది లేని సిరంజితో పీల్చి, మూత గట్టిగా పట్టే సీసాలో వేయాలి. పైన వేలెడు నీళ్లు పోస్తే ఆవిరి తగ్గుతుంది. గదిలో లైటు ఆర్పి టార్చిని నేలకు సమంగా పెట్టి చూస్తే సందుల్లో మిగిలిన పూసలు మెరుస్తాయి. చీపురు తగిలిస్తే ఒక పూస వంద పూసలవుతుంది. సింకులో మాత్రం పోయవద్దు. ఎన్నాళ్లు ఆడారో చెప్పి పిల్లలను వైద్యుడికి చూపించాలి.

మిల్లుల నుంచి వస్తువులు ఇంటికి తెచ్చుకునే అలవాటును మీ గుంపు మొత్తం మానుకోవాలని నా కోరిక. బ్రెజిల్‌లోని గోయానియాలో 1987లో ఇద్దరు మనుషులు ఖాళీ చేసిన ఆసుపత్రిలో వదిలేసిన రేడియోథెరపీ యంత్రం నుంచి ఒక భాగాన్ని ఊడదీసి పాత ఇనుముకు అమ్మారు. చీకట్లో నీలంగా మెరుస్తోందని అందులోని పొడిని ఇరుగుపొరుగులకు పంచుకున్నారు. అది సీజియం-137. నలుగురు చనిపోయారు, 249 మందికి ఆ పొడి అంటినట్లు తేలింది. మన ఢిల్లీలో 2010లో మాయాపురి పాత ఇనుము బజారుకు కోబాల్టు-60 చేరి ఒకరు చనిపోయారు. సిమెంటు ఫ్యాక్టరీల్లో, కాగితం మిల్లుల్లో మట్టం, మందం కొలిచే కొన్ని పరికరాల్లో ఇటువంటి రేడియోధార్మిక పదార్థాలు సీసపు పెట్టెలో ఉంటాయి. మూడు రెక్కల పసుపు గుర్తు చెరిగిపోయి ఉండవచ్చు కాబట్టి, సైజుకు మించిన బరువున్న పెట్టె ఏది కనబడినా కదిలించవద్దు.

పెచ్చు సంగతి. నీళ్లు చిమ్మే సీసాలో రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బునీరు కలిపి, పెచ్చు మీద నెమ్మదిగా చల్లి పూర్తిగా తడపండి. అది ఉన్న చోటే మందపాటి పాలిథిన్ కవరులో పెట్టి, గాలి నొక్కకుండా మూతి కట్టి, ఆ కవరును ఇంకొక కవరులో వేసి టేపు చుట్టి, పైన రాతినార అని పెద్ద అక్షరాలతో రాయండి. గాలి నొక్కితే లోపలి పొడి బయటికి వస్తుంది. చెత్తబండిలో వేయవద్దు, కాల్చవద్దు, పెరట్లో పూడ్చవద్దు. కాలుష్య నియంత్రణ మండలి కర్నూలు కార్యాలయంలో అడిగితే ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటు చెబుతారు. పాదరసం సీసాను కూడా అక్కడే అప్పగించండి. అర మీద ఆ పెచ్చు పక్కన ఉన్న పుస్తకాలను తడిపి పిండిన గుడ్డతో ఒక్కొక్కటిగా తుడవండి, అట్టల వెనుక వైపు మరిచిపోకండి.